నడుం నొప్పికి పేరు దొరకడానికి ఏడు నెలలు

పోస్టు పెద్దగుంది. మెస్‌లో అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి. మధ్యలో ఆపినా పర్లేదు గానీ, ముక్క తీసే పరీక్ష గురించి రాసిన భాగం మాత్రం వదలకండి. రేపు మీ ఇంట్లో ఎవరికైనా అక్కరకొస్తది.

మేము తార్నాకలో ఒక హాస్టల్ రూములో నలుగురం ఉంటాం. ముగ్గురు కోయ, ఒకడు కొండరెడ్డి. ఒకడు బీఎస్సీ మైక్రోబయాలజీ, ఒకడు ఇంజినీరింగ్, ఇద్దరు బీఏ. నలుగురి ఇండ్లల్లోనూ డిగ్రీ దాకా వచ్చిన మొదటోళ్ళం మేమే. అందుకే ఊళ్ళో ఎవరికి బాగలేకున్నా ఫోన్ మాకే వస్తది. "హైదరాబాద్‌ల ఉన్నరు గదా, మీకు తెల్వదా" అంటరు. మేము చదివేది డాక్టరీ కాదంటే వినరు. వాళ్ళ లెక్కలో కాలేజీ అంటే ఒక్కటే.

పోయిన ఆగస్టులో మా రూమ్మేటు వాళ్ళ అయ్యకు జ్వరం పట్టుకుంది. మాకందరికీ ఆయన బాబాయే. భద్రాచలం దాటి లోపలికి పోతే వస్తది వాళ్ళ ఊరు. నాట్లు అయిపోయిన వారానికి జ్వరం మొదలైంది, పది రోజుల్లో తగ్గింది, ఆ తర్వాత నడుం పట్టేసింది. ఊరి ఆర్ఎంపీ సూదులు వేసినప్పుడల్లా రెండు రోజులు తేలికైనట్టుండేది, మళ్ళీ అదే. అక్టోబర్‌కి పక్క మీది నుంచి లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. పట్నం తీసుకుపోయి ఎంఆర్ఐ తీయించారు. రెండు ఎన్నుపూసలు, వాటి మధ్యలో ఉండే డిస్కు దెబ్బతిన్నాయి, పక్కన చీము ఉంది అని వచ్చింది. "టీబీ" అన్నారు. ఆ రోజు నుంచే టీబీ గోలీలు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. టీబీ అనుకున్న డాక్టర్‌ని తిట్టడానికి ఈ పోస్టు రాయట్లేదు. ఎన్నుపూసకు టీబీ వస్తుందనేది కొత్త సంగతి కాదు. 1779లో పెర్సివల్ పాట్ అనే ఇంగ్లండు సర్జన్ దాని గురించి రాశాడు, ఇప్పటికీ దాన్ని పాట్స్ డిసీజ్ అనే అంటారు. ప్రపంచంలో ఏటా టీబీ వచ్చేవాళ్ళలో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. జ్వరం, బరువు తగ్గడం, నడుం నొప్పి, ఎంఆర్ఐలో చీము... ఇవన్నీ కలిస్తే ఏ డాక్టరుకైనా మొదట తట్టేది టీబీయే. ఎక్కువసార్లు అది నిజమే అవుతది కూడా. చిక్కు ఎక్కడంటే, ఎంఆర్ఐ ఎముక ఎంత చెడిందో చూపిస్తది గానీ చెడగొట్టిన పురుగు పేరు చెప్పదు. పేరు కావాలంటే ఆ చోటి నుంచి చీమో, ముక్కో తీయాలి. బాబాయికి తీయలేదు. తీసే వసతి అక్కడ లేదు.

జనవరి వచ్చేసరికి గోలీలు మూడు నెలలు అయ్యాయి. ఒక్క పూట తప్పలేదు. మూత్రం నారింజ రంగులో వస్తోందని మొదట భయపడ్డా, ఆ గోలీలకు అట్లే వస్తదని ఆశా అక్క చెప్తే ధైర్యం తెచ్చుకుని మింగాడు. నొప్పి మాత్రం తగ్గలేదు. కుడికాలు తిమ్మిరెక్కడం మొదలైంది. రాత్రి బస్సెక్కించి హైదరాబాద్ తీసుకొచ్చాం. హాస్టల్లో బయటివాళ్ళు ఉండొద్దు, అందరికీ తెలిసిందే. ఎట్లా ఉంచామో ఇక్కడ రాయం. మా వార్డెన్ ఈ గ్రూపులో లేడు గానీ ఆయన తమ్ముడు ఉన్నాడు.

ముందు ఒక ప్రైవేటు దవాఖానకు పోయాం. పేరు రాయట్లేదు. సీటీ స్కాన్‌లో చూస్తూ వీపులోంచి సూది దింపి ముక్క తీశారు. అక్కడే మాకు తెలియకుండా ఒక పని జరిగిపోయింది. తీసిన ముక్క మొత్తాన్ని ఫార్మలిన్ సీసాలో వేశారు. ఫార్మలిన్ అంటే కాలేజీ ల్యాబుల్లో కప్పల్ని, పాముల్ని నిలవుంచే నీళ్ళు. ముక్క కుళ్ళకుండా ఉంటది, మైక్రోస్కోపు కింద కణాల్ని చూడొచ్చు. కానీ అందులో పడ్డ బాక్టీరియా చచ్చిపోతది. చచ్చినదాన్ని కల్చర్‌లో పెంచలేరు. దాని డీఎన్ఏ కూడా ముక్కలు ముక్కలైపోతది. రిపోర్టులో "గ్రాన్యులోమా ఉంది, టీబీ కావచ్చు" అని వచ్చింది. గ్రాన్యులోమా అంటే పురుగు చుట్టూ మన ఒంటి కణాలు కట్టిన దడి లాంటిది. టీబీకి కడతాయి, ఇంకా కొన్నిటికీ కడతాయి. దడి చూసి లోపల ఉన్నది ఆవో మేకో చెప్పినట్టుంది ఆ రిపోర్టు. మళ్ళీ అవే గోలీలు.

డబ్బులు అయిపోయాక ఒక పెద్ద ప్రభుత్వ దవాఖానకు పోయాం. అదే మంచిదైంది. అక్కడ ఒక పీజీ డాక్టర్ మేడం ఉంది, మాకంటే ఓ ఏడెనిమిదేళ్ళు పెద్దదేమో. "ఎప్పటి నుంచి నొప్పి?" అని అడిగింది. బాబాయికి తెలుగు వస్తది గానీ దవాఖానలో నోరు పెగలదు, కోయ భాషలో కొడుక్కి చెప్తే కొడుకు తెలుగులో చెప్పాడు. "నాట్లప్పటి నుంచి అంటున్నడు మేడం." ఇంకెవరైనా అయితే నెల చెప్పమనేవాళ్ళు. ఈ మేడం కలం ఆపింది. "నాట్లంటే నీళ్ళల్లో దిగి నువ్వే వేస్తవా? చెప్పులుంటయా? కాలికి ఏమన్న గాయం అయిందా?" అని వరుసగా అడిగింది. మడిలో ఎవరు చెప్పులేసుకుంటరు మేడం అని బాబాయి నవ్వాడు. ఆరు నెలల్లో ఆయన నవ్వడం మేము చూసింది అప్పుడే. మేడం వేలికి గుచ్చి షుగరు చూసింది. మూడొందలు దాటింది. ఆయనకు షుగరుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు, ఎవరూ చూడలేదు.

మళ్ళీ ముక్క తీశారు. ఈసారి మేడం దగ్గరుండి సగం ఫార్మలిన్‌లో, సగం మామూలు సెలైన్‌లో వేయించింది. సెలైన్‌లో వేసిన దాంట్లోంచే కల్చర్‌కి, టీబీ జన్యు పరీక్షకి, ఇంకో పరీక్షకి పంపింది. తీయడానికి ముందు కొన్ని రోజులు యాంటీబయాటిక్‌లు ఏవీ ఇవ్వనీయలేదు, మందు ఒంట్లో ఉంటే కల్చర్‌లో ఏమీ మొలవకపోవచ్చంట.

టీబీ జన్యు పరీక్ష అంటే సీబీనాట్. మన ఏరియా దవాఖానల్లో తెమడ తీసుకుని చేసేది అదే, రెండు గంటల్లో చెప్తది. ఇప్పుడు ట్రూనాట్ అని మన దేశంలోనే తయారైన చిన్న మిషన్లు కూడా వచ్చాయి. రెండూ మంచివే. కానీ అవి అడిగే ప్రశ్న ఒకటే: "నువ్వు టీబీవేనా, రిఫాంపిసిన్ మందుకు లొంగుతవా?" కాదంటే, మరి నువ్వెవరు అని అడగవు. బాబాయి ముక్కలో టీబీ లేదని వచ్చింది. కల్చర్‌లో ఏదో మొలిచింది గానీ "సూడోమోనాస్ లాంటిది, బయటి నుంచి కలిసిన మురికి కావచ్చు" అని రాశారు. మామూలుగా కథ ఇక్కడే ఆగిపోతది. మురికి అన్నాక ఎవరూ వెనక్కి చూడరు. మేడం చూసింది. ముక్కనూ, మొలిచినదాన్నీ జన్యు సీక్వెన్సింగ్‌కి పంపింది.

ఇది అర్థం చేసుకోవడానికి మా మైక్రోబయాలజీ వాడి నోట్సు అందరం కలిసి చదివాం. ఓయూ లైబ్రరీలో కూర్చుని, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని, మెస్‌లో చారు చల్లారిపోయేదాకా. చివరికి మాకు అర్థమైంది మన పద్ధతిలోనే. జాతరలో కొత్త మనిషి కలిస్తే మనవాళ్ళు ఏమడుగుతరు? ఇంటిపేరేంటి, ఏ గట్టు? మూడో గట్టా, ఐదో గట్టా? అది తెలిస్తే చాలు, ఆయన మనకు అన్నదమ్ముడో, బావో మామో తేలిపోతది. మొహం చూడక్కర్లేదు. బాక్టీరియా అన్నిటిలోనూ 16ఎస్ అనే ఒక జన్యువు ఉంటది, దాదాపు 1500 అక్షరాల పొడుగు. అందులో కొన్ని చోట్ల అక్షరాలు అన్ని బాక్టీరియాల్లోనూ ఒకటే, కొన్ని చోట్ల జాతికో తీరు. ఒకటే ఉండే చోట పట్టుకుని, మారే చోట్లను చదువుతారు. చదివింది కంప్యూటర్లో ఉన్న లక్షల వరసలతో పోల్చి గట్టు చెప్తారు. బతికి ఉండక్కర్లేదు, పెంచక్కర్లేదు, ముందుగా ఎవరినీ అనుమానించక్కర్లేదు.

ఈ జన్యువుతో బాక్టీరియాల చుట్టరికం లెక్కగట్టి 1977లో జీవుల వంశవృక్షాన్నే మార్చేసిన మనిషి కార్ల్ వోస్. డీఎన్ఏ అక్షరాలు చదివే పద్ధతిని ఫ్రెడరిక్ సాంగర్ బయటపెట్టింది కూడా 1977లోనే. ఇంకోటి, మా హాస్టల్ దగ్గరున్న ఐఐసీటీని అప్పట్లో ఆర్ఆర్ఎల్ అనేవాళ్ళు, అందులో ఒక విభాగంగా సీసీఎంబీ మొదలైంది కూడా 1977 ఏప్రిల్‌లోనే. దీనికి అర్థమేమీ లేదు, కాకతాళీయం. కానీ మాకు నచ్చింది, అందుకే రాశాం.

మార్చి మొదటి వారంలో రిపోర్టు వచ్చింది. బర్క్‌హోల్డేరియా సూడోమల్లై గట్టు. గట్టు అనే ఎందుకంటున్నామంటే 16ఎస్‌తో దానికీ దాని దగ్గరి అన్నదమ్ములకూ తేడా పూర్తిగా తెలియదు. ఇంకో జన్యువు చూసే పీసీఆర్ చేసి, అదేనని తేల్చారు. జబ్బు పేరు మెలియాయిడోసిస్.

పేరు వినగానే మేము ఇదేదో ఆఫ్రికా అడవిలో జబ్బు అనుకున్నాం. కాదు. దీన్ని మొదటిసారి గుర్తించింది 1911లో, రంగూన్‌లో. మన పెద్దోళ్ళు కూలికి పోయిన రంగం అదే. విట్‌మోర్ అనే డాక్టరు, ఆయన దగ్గర పనిచేసిన కృష్ణస్వామి కలిసి కనుక్కున్నారు. వాళ్ళు చూసిన రోగుల్లో చాలామంది దిక్కులేని పేద జనం. నూరేళ్ళు దాటింది. 2016లో వచ్చిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏడాదికి 1,65,000 మందికి ఇది వస్తది, 89,000 మంది చనిపోతారు. దక్షిణాసియాలోనే ఎక్కువ ఉండొచ్చని, కానీ పరీక్షలు లేక లెక్కలోకి రావట్లేదని కూడా అందులో ఉంది. ఇది మట్టిలో, నిలవ నీళ్ళల్లో బతికే పురుగు. వానాకాలంలో పైకొస్తది. కాళ్ళకున్న చిన్న గాట్ల నుంచో, నీటి తుంపర పీల్చడం వల్లో లోపలికి పోతది. షుగరున్నోళ్ళను ముందు పట్టుకుంటది. ఊపిరితిత్తుల్లో చేరితే టీబీలా కనిపిస్తది, ఎముకలో చేరినా టీబీలానే కనిపిస్తది. టీబీ గోలీలకు లొంగదు. ఇప్పుడు చెప్పండి, వరి నాట్లేసే ఆదివాసీకి ఇది అరుదైన జబ్బా, లేక అరుదుగా వెతికే జబ్బా?

మందు ఉంది. కొత్తదేమీ కాదు, సెఫ్టాజిడిమ్ అనే ఇంజెక్షన్. ఎముకకు పట్టింది కాబట్టి ఆరు వారాలు నరానికి ఎక్కించారు. ఆ తర్వాత ఆరు నెలలు కోట్రైమాక్సజోల్ గోలీలు. పది రోజులకు జ్వరం పోయింది, మూడో వారానికి బాబాయి వార్డులో పక్క మంచం వాళ్ళకు నీళ్ళ సీసా తెచ్చిచ్చేంత అయ్యాడు. కుడికాలు మాత్రం ఇంకా ఈడుస్తాడు. ముందే తెలిసుంటే ఈడ్చేవాడు కాదేమో.

ఆ ఆరు వారాలూ మేము వంతులేసుకుని దవాఖానకు పోయాం. తిరిగొచ్చేటప్పుడు మెట్రో తార్నాకలో దిగకుండా ఒక్కోసారి కావాలనే హబ్సిగూడ దాకా పోయి వెనక్కి నడిచేవాళ్ళం. సీసీఎంబీ గోడ పక్క నుంచి. ఆ గోడ లోపల మన రక్తం గురించి చాలా పని జరిగింది. 2009లో నేచర్ పత్రికలో వచ్చిన పెద్ద పరిశోధనలో లాల్జీ సింగ్ సారు, తంగరాజ్ సారు వాళ్ళు అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 25 సమూహాల నుంచి 132 మంది డీఎన్ఏ చదివారు. అందులో మన చెంచులు ఉన్నారు, అండమాన్ ఓంగేలు ఉన్నారు. మనం ఈ నేల మీద ఎంత పాతవాళ్ళమో చెప్పింది ఆ లైనులో పనే. మాకు దాని మీద గౌరవం ఉంది. కరోనా టైములో వైరస్ ఎట్లా మారుతుందో వరసపెట్టి చదివిన ల్యాబుల్లో సీసీఎంబీ ఒకటి, అదీ మర్చిపోం. కానీ ఆ గోడ పక్కన నడుస్తుంటే ఒక మాట వస్తనే ఉంటది. మనం ఎక్కడి నుంచి వచ్చామో తెలుసుకోవడానికి మన గూడేల దాకా వచ్చి రక్తం తీసుకుపోగలిగిన దేశం, మనల్ని చంపుతున్న పురుగు ఏదో తెలుసుకోవడానికి మన గూడెం నుంచి ఒక ముక్క ఎందుకు తెప్పించుకోలేదు? ఇది సీసీఎంబీని అడిగే ప్రశ్న కాదు, అది దవాఖాన కాదు. సర్కారును అడిగే ప్రశ్న.

దీన్ని మంత్రం అని మాత్రం అనుకోవద్దు. 16ఎస్ ఒక జన్యువునే చదువుతది. దానికంటే పెద్దది ఇంకోటుంది, ముక్కలో ఉన్న డీఎన్ఏ మొత్తం చదవడం, మెటాజెనోమిక్స్ అంటారు. 2013లో అమెరికాలో 14 ఏళ్ళ పిల్లగాడు మెదడు వాపుతో ఐసీయూలో ఉంటే, నెలల తరబడి ఏ పరీక్షలోనూ తెలియనిది, ఈ పద్ధతిలో రెండు రోజుల్లో లెప్టోస్పైరా అని తేలింది. పెన్సిలిన్ ఇస్తే బతికాడు. లెప్టోస్పైరా కూడా ఎలుక మూత్రం కలిసిన నీళ్ళ నుంచి వచ్చేదే, మన మళ్ళల్లోనూ ఉంటది. కానీ అట్లా చదివితే వచ్చే దాంట్లో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు మన సొంత డీఎన్ఏనే ఉంటది. పురుగుది గడ్డివాములో సూది. చర్మం మీది బాక్టీరియా, ల్యాబు మందుల్లోని బాక్టీరియా కూడా అందులో కలుస్తది. ఏది దొంగ, ఏది దారినపోయేది అని తేల్చడానికి మనిషి కావాలి. బాబాయి విషయంలో కూడా మిషన్ ఒక్కటే తేల్చలేదు. "నాట్లప్పటి నుంచి" అన్న మాట విని ఆగిన మనిషి ఉంది కాబట్టి శాంపిల్ అక్కడిదాకా పోయింది. సీక్వెన్సింగ్ మిషన్ ఇవాళ అరచేతిలో పట్టేంత చిన్నది కూడా వచ్చింది. ఆగి వినే మనిషిని ఎక్కడ కొంటాం?

ఇప్పుడు మొదట్లో చెప్పిన భాగం. మీ ఇంట్లో ఎవరికైనా నడుం నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం ఉండి ఎముక టీబీ అన్నారనుకోండి. ముందు, గోలీలు మీ అంతట మీరు ఆపొద్దు. మళ్ళీ చెప్తున్నాం, ఆపొద్దు. చాలామందికి అది నిజంగా టీబీయే, మధ్యలో ఆపితే మందుకు లొంగని టీబీ అవుతది. చేయాల్సింది ఏమిటంటే, "ముక్క తీసి పరీక్ష చేశారా సార్?" అని అడగడం. తీస్తామంటే, "ఫార్మలిన్‌తో పాటు కల్చర్‌కి సెలైన్‌లో కూడా వేస్తారా?" అని మర్యాదగా అడగండి. ఒక్క వాక్యం అది. మాకు ఆ వాక్యం తెలియడానికి రెండుసార్లు సూది దిగాల్సి వచ్చింది ఆయన వీపులో. షుగరు చూపించండి. ఏం పని చేస్తారో, ఏ నీళ్ళల్లో దిగారో, మేకల్ని కాస్తారా, పచ్చిపాలు తాగుతారా, అన్నీ చెప్పండి, వాళ్ళు అడగకున్నా చెప్పండి. మేకలు, పశువుల నుంచి వచ్చే బ్రూసెల్లా కూడా నడుం ఎముకనే పట్టుకుంటది. ఇంట్లోవాళ్ళకు తెలుగు కష్టమైతే పక్కనే ఉండి వాళ్ళ మాటను వాళ్ళ మాటగానే చెప్పండి. నాట్లు అంటే నాట్లు అనే చెప్పండి, ఆగస్టు అని మార్చొద్దు.

భద్రాచలం, ఉట్నూరు, ఏటూరునాగారం ఐటీడీఏల పరిధిలో ఎముక నుంచి ముక్క తీయగలిగే సీటీ, తీసేవాళ్ళు ఎక్కడ ఉన్నారో, తీసిన శాంపిల్ హైదరాబాద్ ల్యాబుకు పంపే ఏర్పాటు ఉందో లేదో ఆర్టీఐ వేద్దామని మేము అనుకుంటున్నాం. అర్జీ రాయడం వచ్చినవాళ్ళు, ఇంతకుముందు వేసినవాళ్ళు కామెంట్లో చెప్పండి. ఏజెన్సీలో పనిచేస్తున్న మన నర్సు అక్కలు, ల్యాబ్ టెక్నీషియన్ అన్నలు ఎవరైనా ఉంటే ఇంకా మంచిది.

బాబాయి ఊళ్ళోనే ఉన్నాడు. గోలీలు అక్టోబర్ దాకా. నెలకోసారి రక్తం, కిడ్నీ పరీక్ష చేయించి రిపోర్టు ఫోటో పంపుతాడు, మేము మేడంకు చూపిస్తాం. ఊళ్ళో వానలు మొదలైనయి. కాళ్ళకు బూట్లు లేకుండా మడిలో దిగొద్దని మేడం గట్టిగా చెప్పింది. మేము నలుగురం స్కాలర్‌షిప్ డబ్బుల్లోంచి వేసుకుని మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు కొని బస్సు పార్శిల్‌లో పంపాం. నిన్న ఫోన్ చేసి, "బురదల దిగబడిపోతున్నయిరా, కాలొస్తంది బూటు రావట్లే" అన్నాడు. నాట్లకు సరిపోయే బూట్లు ఎక్కడ దొరుకుతయో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఆయనది ఎనిమిదో నంబరు.